పాదరసం ఊరి పూలు

స్లోవేనియా పడమటి కొండల్లో, ఇద్రిత్సా నది లోయలో ఒదిగి ఉంటుంది ఇద్రియా. 1490లో ఒక వడ్రంగి, తాను చేసిన చెక్కతొట్టిని నానబెట్టడానికి వాగులో ముంచితే అడుగున మెరిసే బరువైన ద్రవం చేరిందని ఊరి కథ. కథ ఎలా ఉన్నా, తరువాత దాదాపు 500 ఏళ్లు అక్కడ పాదరసం తవ్వారు. ప్రపంచంలో అంతకంటే పెద్ద పాదరసం గని స్పెయిన్‌లోని అల్మదేన్ ఒక్కటే. ఆ రెంటినీ కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అరుదైన కొండ మొక్కలకూ ఈ ఊరు పేరుమోసింది. మామూలుగా ఈ రెండు సంగతులనూ, కింద గని, పైన ప్రకృతి అన్నట్టు విడివిడిగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అవి ఒకే చరిత్రగా కనిపిస్తాయి. మొక్కలు గని కంటే ఎంతో పాతవే, కానీ అవి శాస్త్రానికి ఎక్కింది గని ఇచ్చిన జీతాల మీద.

పాదరసం అప్పట్లో ఖజానా సరుకు. ముడిరాతి నుంచి వెండి, బంగారం రాబట్టడానికి అదే కావాలి. అందుకే ఆస్ట్రియా పాలకులు గనిని తమ చేతిలోనే ఉంచుకున్నారు. పాదరసం దొరికే ఎర్రటి ఖనిజం ఇంగిలీకాన్ని బట్టీల్లో కాల్చినప్పుడు లేచే ఆవిరి పీల్చి కార్మికుల చేతులు వణికేవి, చొంగ కారేది, పళ్లు ఊడేవి. పనివాళ్లు ఇలా పడిపోతుంటే గని నడవదు కదా. 1754లో జొవాన్ని అంతోనియో స్కోపోలి గని వైద్యుడిగా వచ్చాడు. పాదరసం గురించీ, అది తెచ్చే రోగాల గురించీ ఆయన పుస్తకం 1761లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే, అప్పట్లో కార్నియోలా అనే ఆ ప్రాంతపు మొక్కల గ్రంథం ‘ఫ్లోరా కార్నియోలికా’ వెలువడింది. వైద్యుడికి మొక్కలతో పనేమిటని ఇప్పుడు అనిపించవచ్చు. మందులు చాలావరకు ఆకుల నుంచి, వేళ్ల నుంచి వచ్చే కాలం అది, వృక్షశాస్త్రం వైద్యవిద్యలో భాగమే. ఆయన పేరిట 1764లో జాక్విన్ అనే శాస్త్రవేత్త ఒక విషపు మొక్కకు స్కోపోలియా అని నామకరణం చేశాడు. స్కోపొలమిన్ అనే మందుకు ఆ పేరు దీన్నుంచే వచ్చింది. మన ఉమ్మెత్తలోని విషాల్లో అదీ ఒకటి.

స్కోపోలి ఒక్కడితో ఆగి ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. 1766లో గని శస్త్రవైద్యుడిగా చేరిన హాకే కూడా కొండలెక్కి మొక్కల మీద పుస్తకం రాశాడు. ఇద్రియాలోనే 1773లో పుట్టిన హ్లాద్నిక్ 1810లో లూబ్లియానా వృక్షోద్యానాన్ని నెలకొల్పాడు. ఊరికి దగ్గరి త్రనోవో పీఠభూమి మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని హ్లాద్నికియా అనే తెల్లపూల మొక్కది ఆయన పేరే. 1802లో ఇక్కడే పుట్టిన హెన్రిక్ ఫ్రేయర్ మందులు తయారుచేసే కుటుంబం వాడు, ఆయనా మొక్కల శాస్త్రవేత్తే. చిన్న గని ఊరు ఇంతమందిని ఇచ్చిందంటే అది గాలీ నీళ్ల మహిమ కాదు. వైద్యుడి కొలువు, మందుల కొట్టు అక్కడ ఉన్నాయి కాబట్టి.

దీనికి మొదటి అభ్యంతరం భూగర్భశాస్త్రం నుంచి వస్తుంది. ఆల్ప్స్, దినారిక్ కొండలు కలిసే చోటు ఇది. మంచుయుగంలో హిమానీనదాలు కప్పెయ్యని సున్నపురాతి, డోలమైట్ చరియల్లో కొన్ని మొక్కలు బతికి బయటపడ్డాయి. స్లోవేనియాలో తప్ప ఎక్కడా లేని కార్నియోలా ప్రిములా వాటిలో ఒకటని చెబుతారు. ఒప్పుకోవలసిందే. అయితే మొక్కలు అక్కడ ఎందుకున్నాయో ఇది చెబుతుంది గానీ, అంత త్వరగా ఎందుకు తెలిశాయో చెప్పదు. బాల్కన్ కొండల్లో ఇలాంటి సున్నపురాళ్లు బోలెడు. అక్కడి మొక్కల్లో చాలావాటికి 19వ శతాబ్దం దాకా శాస్త్రీయ నామమే లేదు.

గని అడవిని మింగింది కదా, దాన్ని పొగడడమేమిటని ఇంకో ప్రశ్న. మింగిన మాట నిజం. సొరంగాలకు ఊతం దుంగలూ, బట్టీలకు కట్టెలూ ఆ కొండల నుంచే నరికారు. వాటిని నీటిలో కొట్టుకొచ్చేలా చేయడానికి వాగులకు అడ్డంగా రాతి ఆనకట్టలు కట్టారు. పాదరసం నది వెంట ట్రియెస్ట్ సింధుశాఖ దాకా చేరింది. గనిని పూల పోషకుడిగా చూపడం నా ఉద్దేశం కాదు. గొడ్డలికి పనికిరాని నీడ చరియల మీద ఉండడం ఆ ప్రిములాకు కలిసొచ్చింది, అంతే. కానీ దాన్ని చూడడానికి ఇవాళ జనం నడిచే బాట, గనిలో నీళ్లు తోడే చక్రాన్ని తిప్పడానికి తవ్విన రాకే కాలువ గట్టే.

మూడో అభ్యంతరమే నాకు బరువుగా తోస్తుంది. కొండల్లో బతికే రైతులకు ఈ మొక్కలు ముందే తెలుసు, వైద్యులు కనిపెట్టిందేముంది? 1837లో ఇద్రియాకు తూర్పున, పోల్హోవ్ గ్రాదెత్స్ దగ్గర ఒక రైతు తెలియని పూలకొమ్మను బ్లగాయ్ దొరకు తెచ్చిచ్చాడు. దొర దాన్ని ఫ్రేయర్‌కు పంపాడు. అంటే పూవు తెలిసినంత మాత్రాన చాలలేదు. దాన్ని పోల్చి, రాసి, అచ్చు వేయించగలిగిన మనిషి దగ్గరికి చేరాలి, ఆ మనిషిని తయారుచేసింది పాదరసం ఊరు. ఫ్రేయర్ ఆ మొక్కకు పెట్టింది దొర పేరు. 1838లో సాక్సనీ రాజు దాన్ని చూడ్డానికి వస్తే, ఆ రాకకు గుర్తుగా దొర స్మారకం కట్టించాడు.