మాయల కథలు, వేసవి సెలవులు: భిలాయి తెలుగు బాలుర పఠనము

స్వస్థలము విడిచి వలసపోయినవారు తమ దేవతలను, పండుగలను, వంటలను వెంట గొనిపోవుదురు. కథలును వారి వెంట పోవును. కాని లిపి అట్లు తనంతట తాను పోదు. ప్రతి తరమువారికిని దానిని మరల నేర్పవలసియుండును. ఈ భేదమును స్పష్టముగా చూపు స్థలములలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి భిలాయి ఒకటి. అందును ఖుర్సీపార్ ప్రాంతము ముఖ్యముగా పేర్కొనదగినది.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య కుదిరిన ఒడంబడికను అనుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము నిర్మాణమయ్యెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అందలి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. నాడు ఆ నేల మధ్యప్రదేశములోనిది; 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైనది. దేశపు నలుమూలల నుండి పనివారు అచ్చటికి చేరిరి. విజయనగరము నుండి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరునకు పోవు రైలుమార్గము అంతకు పూర్వమే ఏర్పడియున్నందున ఉత్తరాంధ్రులకు ఆ ప్రయాణము దుస్సాధ్యము కాలేదు. ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబములు స్థిరపడినవి. వారి పిల్లలకు బడిలో వినిపించునది హిందీ. వీథిలో హిందీయు ఛత్తీస్‌గఢీయు. ఇంటిలో మాత్రము తెలుగు. కాగా ఇంటిభాష చదువునకు ఎక్కుటకు సంవత్సరములో మిగులు కాలము వేసవి సెలవులు మాత్రమే. పురాణములు, మంత్రములు, మాయలు నిండిన బాలసాహిత్యము ఆ స్వల్పకాలములో ఏమి చేయగలదు? ఈ ప్రశ్నకు మన కథల చరిత్రలోనే సమాధానము కలదు.

తెలుగున అద్భుతకథకును ప్రయాణమునకును చిరకాల బాంధవ్యము. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) పండ్రెండు భాగములుగా రచించిన ‘కాశీమజిలీ కథలు’ ఇందుకు నిదర్శనము. కాశికి కాలినడకన పోవు మణిసిద్ధుడను యతి ఒక గోపబాలుని సహాయముగా వెంట గొనిపోవును. బాలుడు ప్రతి మజిలీయందును ఊరు చూచివచ్చి, తన కంటబడిన వింతకు కారణమేమని అడుగును. యతి మణిప్రభావమున దాని పూర్వోత్తరములు గ్రహించి కథగా చెప్పును. కథలు చెప్పుదునని యతి మాట ఇచ్చినందుననే బాలుడు బయలుదేరినాడు. అనగా అతడు తన సేవకు కోరిన వేతనము కథయే. పరదేశమునకు పోవు పిల్లవానిని ముందునకు నడిపించునది తరువాతి మజిలీలో వినబోవు కథయని దీక్షితులవారు చక్కగా గ్రహించిరి.

దీనికి ముందే, 1853లో, పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడెను. పంచతంత్ర కథలనే గ్రహించినను, ఆ గ్రంథము బడిపుస్తకమై, భాషాపాండిత్యమునకు సోపానమయ్యెను. దానిని విద్యార్థి గురువు ఆజ్ఞచే చదివెను. కాశీమజిలీలను ఎవరును ఎవరికిని పాఠముగా నియమింపలేదు. చదువరులు తామే వెదకి చదివిరి. మన బాలపఠనమున ఈ రెండు పాయలు నాటినుండియు వేరువేరుగానే ప్రవహించినవి. భిలాయివంటి చోట మొదటి పాయకు ఆధారమైన తెలుగు బడి అందుబాటులో లేని బాలునకు రెండవదియే దిక్కు.

ఇష్టముతో చదువు మాయల కథ లిపిని నేర్పగలదా యను సందేహమునకు హిందీ సాహిత్యమే ఉత్తరము చెప్పుచున్నది. దేవకీనందన్ ఖత్రీ రచించిన ‘చంద్రకాంత’ 19వ శతాబ్ది చివర వెలువడినది. ఐయారులు, తిలస్ములు, మాఱువేషములు నిండిన ఆ నవలను చదువుటకై ఉర్దూ మాత్రమే వచ్చినవారెందరో నాగరిలిపి నేర్చుకొనిరని ఆచార్య రామచంద్ర శుక్ల తమ హిందీ సాహిత్య చరిత్రలో పేర్కొనిరి. ఆ నవల యొక్క సాహిత్య విలువను ఆయన పెద్దగా లెక్కింపలేదు. అయినను అది చదువరులను సృష్టించినదని అంగీకరించిరి. పెద్దవారిచేతనే క్రొత్త లిపి నేర్పించిన కుతూహలము పిల్లలచేత నేర్పింపజాలదని ఎట్లనగలము?

తెలుగున ఆ కుతూహలమునకు మాసపత్రికలు ఆలంబనమైనవి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసునుండి ‘బాల’ను వెలువరించిరి. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిరి. వీరే 1951లో ‘పాతాళభైరవి’ చిత్రమును నిర్మించినవారు. 1952 నుండి 1980లో మరణించు వరకు కొడవటిగంటి కుటుంబరావు ‘చందమామ’ సంపాదకత్వమును నిర్వహించిరి. సోమదేవుని ‘కథాసరిత్సాగరము’లోని బేతాళ కథలు ఇరువదియైదే, ‘చందమామ’ ఆ చట్రమును మాత్రము నిలుపుకొని నూతన కథలను దశాబ్దముల తరబడి అందులో ఇమిడ్చెను. 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి దాసరి సుబ్రహ్మణ్యం మాంత్రికుల ధారావాహికలు వ్రాసిరి. ‘చిత్ర’ వాటికి బొమ్మలు గీసిరి.

ఆ ధారావాహికల పేర్లనే పరిశీలించినచో ఒక విశేషము కనబడును. ‘రాకాసిలోయ’ చదువుటకు గుణింతము వచ్చిన చాలును. ఒక్క వత్తును లేదు. ‘కంచుకోట’కు సున్న కావలెను. ‘తోకచుక్క’కు ద్విత్వము చాలును. ‘జ్వాలాద్వీపం’ సంయుక్తాక్షరములను కోరును. ‘యక్షపర్వతం’, ‘భల్లూక మాంత్రికుడు’ దాటిన బాలునకు తెలుగు వర్ణమాలలో భయపడదగిన గడి మిగిలియుండదు. రచయిత ఈ క్రమమును ఉద్దేశించెనని నా అభిప్రాయము కాదు. మాయల కథ సహజముగా కఠినాక్షరములతో నిండియుండును. అయినను పిల్లవాడు వాటికి వెనుదీయడు. బ్రహ్మరాక్షసుని బారినుండి రాజకుమారుడు తప్పించుకొన్నాడో లేదో తెలియవలెననినచో ‘హ్మ’, ‘క్ష’ రెండింటిని దాటియే పోవలెను. అక్షరాభ్యాస గ్రంథములు పది పుటలలో సాధింపని పనిని ఆ ఆతురత ఒక పుటలో సాధించును.

అయితే భిలాయి విషయమున ఒక చిక్కు కలదు. 1949 నుండి ‘చందమామ’ హిందీలోను వెలువడెను. అవే కథలు, అవే బొమ్మలు; అక్షరములు మాత్రము నాగరి. ఖుర్సీపార్ బాలునకు బడిలో నేర్చిన లిపిలోనే విక్రమార్కుడును బేతాళుడును లభించిరి. ఇక పురాణకథ మాట: ఆ ప్రాంతమున పండవానీ గాయకులు భారతకథను, విశేషించి భీముని పరాక్రమమును, ఛత్తీస్‌గఢీలో పాడుట అనాదిగా ఉన్నది. ఆ కళను దేశదేశములకు వినిపించి 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్‌బాయి భిలాయికి చేరువనున్న గనియారీ గ్రామమువారే. కాబట్టి అచ్చటి తెలుగు బాలుడు కథకు పేదవాడు కాలేదు; మూడు భాషలలో వినగలిగెను. లోపించినది తెలుగు అక్షరమే. కథ సులభముగా మాఱుభాషలోనికి పోవునను గుణము, అనువాదకులమైన మాకు వరము. వలసవచ్చిన భాషకు అదియే శాపము కాగలదు. ‘చందమామ’ హిందీలో దొరకిన పిమ్మట తెలుగు ప్రతి కొనుటకు తల్లిదండ్రులకు కథ ఒక్కటియే కారణముగా చాలదు. తాము చదివిన పుటను బిడ్డయు చదువవలెనను కోరిక తోడు కావలెను.

ఈ సందర్భమున మఱియొక బాలసాహిత్యమును స్మరింపవలెను. భిలాయి కొలిమికి సాంకేతిక సాహాయ్యమందించిన దేశమే తెలుగు పిల్లలకు కథలపుస్తకములను గూడ పంపినది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయము తెలుగు అనువాదములు వెలువరించెను. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి అచ్చట అనువాదకులుగా పనిచేసిరి. ఆంధ్రదేశమున విశాలాంధ్ర పుస్తకశాలలలో అవి స్వల్పమూల్యమునకు లభించెడివి. రష్యను జానపద కథలలోని బాబా యాగా కోడికాళ్లపై తిరుగు గుడిసెలో నివసించును. ఒకప్పుడు పిల్లలను తినజూచును, ఒకప్పుడు వీరునికి దారి చూపును. ఆమెను రాక్షసియనిన సగము కథ పోవును; పేదరాశి పెద్దమ్మ యనిన తక్కిన సగము పోవును. ఆ పేరును అట్లే నిలిపి, ఆమె స్వభావమును చేతలవలన తెలియనిచ్చుటయే మేలైన పద్ధతి. పిల్లలు వింత పేరునకు జంకరు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగుటతో ఆ ప్రచురణలు ఆగిపోయెను. ‘చందమామ’యు 2013 నాటికి నిలిచిపోయెను.

మంత్రతంత్రముల కథలు పిల్లలలో మూఢవిశ్వాసమును పెంచునని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు. కాని ‘చందమామ’ను ఇరువదియెనిమిది సంవత్సరములు తీర్చిదిద్దిన కుటుంబరావు హేతువాద దృష్టికి పేరుపొందిన రచయిత యనుట గమనింపదగినది. బేతాళ కథ ముగింపులో మాయ నిలువదు, ప్రశ్న నిలుచును: ఎవరిది తప్పు, ఎవరిది త్యాగము అని. రాజు తర్కించి సమాధానము చెప్పవలెను. శవము మాటలాడుటను పిల్లవాడు ఆటగా స్వీకరించి, న్యాయాన్యాయములను నిజముగా ఆలోచించును. అట్టి కథను మూఢవిశ్వాసమునకు పుట్టినిల్లు అనజాలము.

ఇక లిపి నేర్చుటలోని శ్రమ ఎంత? నాగరి వచ్చిన బాలునకు తెలుగు అక్షరముల వరుస క్రొత్తది కాదు. కఖగఘలు అతనికి ముందే వచ్చును. ఆకారములు మాత్రము నేర్వవలెను. హిందీలో లేని హ్రస్వములైన ఎ, ఒలను గుర్తింపవలెను; వత్తు ప్రక్కన గాక క్రింద వచ్చునని అలవాటు పడవలెను. ఇంటిలో ‘కొడుకు’, ‘కోడలు’ అను మాటలను ప్రతిదినము వినువానికి ఆ హ్రస్వదీర్ఘ భేదము చెవికి ముందే తెలియును, కంటికి తెలుపుటయే మిగులును. ఇంటి పలుకుబడికిని అచ్చుభాషకును ఎడము కలదు, నిజమే. తెలిసిన కథ ఆ ఎడమును పూరించును. ఇది ఏండ్ల తరబడి చేయవలసిన తపస్సు కాదు. శ్రద్ధగల పెద్ద ఒకరు ఇంటనుండినచో ఒక వేసవికి సాధ్యమైన కార్యము.

కనుక వలస ప్రాంతముల తెలుగు సంఘములు, అకాడమీలు చేయదగిన పని యొకటి కలదు. పిల్లలు హిందీలో ఎరిగిన కథలనే గ్రహించి, పెద్ద అక్షరములతో, వత్తులు లేని పుటల నుండి సంయుక్తాక్షరముల వరకు క్రమముగా పెరుగు పుస్తకములను కూర్పింపవలెను. బేతాళ కథలు, భీమబకుల యుద్ధము, కాశీమజిలీలలోని చిన్న ఘట్టములు ఇందుకు తగినవి. వాటిని ఏప్రిలు మాసాంతమునకు ఇండ్లకు చేర్పవలెను; జూన్‌లో బడులు తెరచిన పిమ్మట చేర్చిన ప్రయోజనము తక్కువ. ఖుర్సీపార్‌వంటి కాలనీలలో తెలుగు చదువగల తాతలు, అమ్మమ్మలు ఇంకను ఉన్నారు. బాలునకు అక్షరము చూపించుటకు వారి వ్రేలు చాలును. ఆ వ్రేలి క్రింద ఉంచుటకు పుస్తకము కావలెను.