ఈ బడి ఎవరిది?
డార్ట్‌మౌత్ కళాశాల కేసు మన సంఘాలకు నేర్పే పాఠము



నేను పరిచర్యలోకి వచ్చిన తొలి రోజులలో ఒక మిషను పాఠశాలకు వెళ్ళాను. గేటుకు రెండు తాళాలు వేసి ఉన్నాయి. ఒకటి పాత కమిటీ వేసినది, రెండవది కొత్త కమిటీ వేసినది. ఇరువురి చేతిలోనూ రిజిస్ట్రేషను కాగితాలున్నాయి, ఇరువురికీ లాయర్లున్నారు. పిల్లలు మాత్రము పుస్తకాల సంచులు పట్టుకొని గోడ ప్రక్కన వేపచెట్టు క్రింద కూర్చున్నారు. అక్కడ ఉన్న ఒక పెద్దాయన నన్ను చూసి, "అయ్యగారూ, ఇంతకీ ఈ బడి ఎవరిదండీ?" అని అడిగారు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను.

ప్రియ శ్రోతలారా, ఈ ప్రశ్న మనకే వచ్చినది కాదు. రెండు వందల సంవత్సరాల క్రితము అమెరికా దేశములో ఇదే ప్రశ్న ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. డార్ట్‌మౌత్ కళాశాల కేసు అని లా కాలేజీలలో ఈనాటికీ దానిని చదువుతారు. అయితే అది మొదలైనది కోర్టులో కాదు. ఒక పాస్టరుగారి ఇంటిలో మొదలైనది. అందుకే దానిని ఈ దినము మీ ముందుకు తెస్తున్నాను.

ఆ పాస్టరుగారి పేరు ఎలియేజర్ వీలాక్. కనెక్టికట్ ప్రాంతములో సేవకుడు. 1743లో ఆయన దగ్గరకు చదువుకోవడానికి ఒక యువకుడు వచ్చాడు. అతడు అమెరికా ఆదివాసులలో మొహీగన్ తెగవాడు, పేరు శామ్సన్ ఆకమ్. ఆకమ్ చదువులో చూపిన చురుకుదనము చూచి, ఆదివాసుల పిల్లల కొరకు ఒక బడి పెడితే ఎంత మేలు జరుగునో అని వీలాక్‌గారు ఆలోచించారు. 1754లో ఆ బడి మొదలైంది.

బడి నడవాలంటే డబ్బు కావాలి. అప్పటికే బోధకుడైన ఆకమ్‌ను, నథానియేల్ విటేకర్ అనే మరొక సేవకుడిని చందాల కొరకు ఇంగ్లండుకు పంపించారు. 1766 నుండి రెండు సంవత్సరాలకు పైగా ఆకమ్ బ్రిటన్‌లో ఊరూరా తిరిగాడు. మూడు వందలకు పైగా ప్రసంగాలు చేశాడు. సుమారు 12,000 పౌండ్లు సమకూడాయి. మూడవ జార్జి రాజుగారే 200 పౌండ్లు ఇచ్చారు. ఆ కాలానికి అది గొప్ప మొత్తము. గమనించండి, ఇచ్చినవారు ఏమని ఇచ్చారు? ఆదివాసుల పిల్లలు చదువుకోవాలని ఇచ్చారు.

ఆకమ్ తిరిగి వచ్చేసరికి పరిస్థితి మారుతూ ఉన్నది. 1769 డిసెంబరు 13న న్యూహాంప్‌షైర్ గవర్నరు రాజుగారి పేరుతో ఒక చార్టరు ఇచ్చారు. చార్టరు అంటే మన సొసైటీ రిజిస్ట్రేషను, బైలాస్ రెండూ కలిసిన అధికార పత్రము అనుకోండి. ఆదివాసుల పిల్లలకు, ఇంగ్లీషు పిల్లలకు కూడా కళాశాల అని అందులో వ్రాశారు. పాలనకు 12 మంది ట్రస్టీలు. వీలాక్‌గారు అధ్యక్షుడు. తన తరువాత ఎవరు అధ్యక్షుడు కావాలో వీలునామాలో వ్రాసే హక్కు ఆయనకు ఉన్నది. అయితే అలా వచ్చినవానిని తొలగించే అధికారము ట్రస్టీలకు ఉన్నది. ఈ రెండు మాటలూ ఒకే కాగితములో ఉన్నాయి. తగవుకు విత్తనము అక్కడే పడింది.

1779లో తండ్రి చనిపోయారు. కుమారుడు జాన్ వీలాక్ అధ్యక్షుడయ్యాడు. సైన్యములో అధికారిగా పని చేసిన వాడు, పాతికేళ్ళ యువకుడు. ముప్పై ఆరు సంవత్సరాలు అతడే అధ్యక్షుడు. తండ్రి నాటి ట్రస్టీలు ఒక్కొక్కరు వెళ్ళిపోయారు, కొత్తవారు వచ్చారు. కొత్తవారు ప్రశ్నలు అడిగారు. ఇదంతా మనకు తెలిసిన కథే కదా! మొదటి పెద్ద తగాదా దేని మీద వచ్చిందో తెలుసా? ఆ ఊరి సంఘానికి పాస్టరు ఎవరు, వేదాంతము బోధించే ప్రొఫెసరు ఎవరు అనే దాని మీద వచ్చింది. 1804 ప్రాంతములో మొదలైన ఆ మాట పట్టింపు పది సంవత్సరాలు చల్లారలేదు.

1815లో జాన్ వీలాక్ ట్రస్టీల మీద నిందలతో ఒక పుస్తకము అచ్చు వేయించి, విచారణ జరపమని శాసనసభను కోరాడు. అదే సంవత్సరము ఆగస్టులో ట్రస్టీలు అతనిని తొలగించి ఫ్రాన్సిస్ బ్రౌన్ అనే యువ సేవకుడిని అధ్యక్షుడిగా పెట్టారు. అప్పుడు రాజకీయము లోపలికి వచ్చింది. 1816లో గవర్నరు విలియం ప్లూమర్ ప్రోద్బలముతో శాసనసభ ఒక చట్టము చేసింది. కళాశాల పేరు యూనివర్సిటీ అయింది. ట్రస్టీలు 12 నుండి 21 అయ్యారు. వారి మీద 25 మందితో ఇంకొక పర్యవేక్షక మండలి వచ్చింది.

పాత ట్రస్టీలు ఒప్పుకోలేదు. ఆ చిన్న హానోవర్ ఊరిలో రెండు విద్యాసంస్థలు, ఇద్దరు అధ్యక్షులు, రెండు పాలక మండళ్ళు. భవనాలు యూనివర్సిటీ వారి చేతికి వెళ్ళాయి. విద్యార్థులలో ఎక్కువమంది పాత కళాశాలతో ఉండి బయట గదులలో చదువుకున్నారు. నేను చూచిన రెండు తాళాల గేటు ఇదే!

కోశాధికారిగా ఉన్న విలియం వుడ్‌వర్డ్ కొత్త వారి ప్రక్కన చేరాడు. అతడు వ్యవస్థాపకుని మనుమడు. చార్టరు, సంస్థ ముద్ర, మినిట్స్ పుస్తకాలు, లెక్కల పుస్తకాలు అతని వద్దనే ఉండిపోయాయి. అవి మావి అని 1817లో ట్రస్టీలు దావా వేశారు. ఎవరి పేరున ముద్ర ఉన్నదో వారే సంస్థ. మన దగ్గర కూడా తగవు రాగానే ముందు మాయమయ్యేది మినిట్స్ పుస్తకమే కదా!

రాష్ట్ర కోర్టులో ట్రస్టీలు ఓడిపోయారు. ఇది ప్రజల మేలు కొరకైన సంస్థ, గనుక ప్రభుత్వము మార్చవచ్చు అని తీర్పు. ట్రస్టీలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కళాశాలలోనే చదివిన డేనియల్ వెబ్‌స్టర్ 1818 మార్చిలో గంటల కొద్దీ వాదించారు. 1819 ఫిబ్రవరి 2న ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చదివారు. అయిదుగురు ఒక వైపు, ఒకరు మరొక వైపు. ట్రస్టీలు గెలిచారు.

మార్షల్ చెప్పిన కారణము మనము జాగ్రత్తగా వినాలి. సంస్థ ప్రజలకు మేలు చేసినంత మాత్రాన ప్రభుత్వ సంస్థ అయిపోదు. దాతలు ఒక ఉద్దేశముతో సొమ్ము ఇచ్చారు. ఆ దాతలు చనిపోయారు. వారి ఉద్దేశమును కాపాడవలసినవారు ట్రస్టీలు. చార్టరు ఒక ఒప్పందము, ఒప్పందాలను రాష్ట్రాలు చెరపకూడదని రాజ్యాంగము చెప్పుచున్నది. అదీ ఆయన మాట. అంటే ఏమిటి? ఈ బడి వీలాక్ కుటుంబానిది కాదు. గవర్నరుగారిది కాదు. నిజానికి ట్రస్టీలది కూడా కాదు. వారు గృహనిర్వాహకులు మాత్రమే. పౌలుగారు కొరింథీ సంఘానికి వ్రాస్తూ గృహనిర్వాహకునిలో వెదకవలసినది నమ్మకత్వమే అన్నారు. కోర్టు తన భాషలో దాదాపు అదే చెప్పింది.

ఎంత మంచి తీర్పు! కాని ప్రియులారా, ఇక్కడ ఆగిపోతే మనము సగము చరిత్రే చదివినట్లు.

తీర్పు వచ్చేసరికి ఈ తగవు పెట్టుకొన్నవారిలో ఎవరు మిగిలారు? జాన్ వీలాక్ 1817లోనే చనిపోయాడు. వుడ్‌వర్డ్ 1818లో చనిపోయాడు. గెలిచిన అధ్యక్షుడు బ్రౌన్ 1820లో ముప్పై ఆరేళ్ళకే కన్నుమూశాడు.

మరి ఆకమ్ ఏమయ్యాడు? ఈ కేసు నడిచే నాటికి అతడు చనిపోయి పాతిక సంవత్సరాలు దాటింది. 1771లోనే అతడు తన గురువుగారికి బాధతో ఒక ఉత్తరము వ్రాశాడు. మా వారి పేరు చెప్పి డబ్బు తెచ్చాము, ఇప్పుడు కళాశాల తెల్లవారిదే అయిపోతున్నది అని దాని సారాంశము. దాతల ఉద్దేశము గూర్చి సుప్రీంకోర్టులో ఎన్నో మాటలు మాట్లాడారు. కాని ఆదివాసుల పక్షమున ఆ కోర్టులో వాది లేడు, ప్రతివాది లేడు. మొదటి రెండు వందల సంవత్సరాలలో ఆ కళాశాలలో పట్టా పుచ్చుకొన్న ఆదివాసులు ఇరవై మంది కూడా లేరు. 1970లో అప్పటి అధ్యక్షుడు జాన్ కెమెనీ ఆ మొదటి వాగ్దానమును మరల చేత పట్టుకొన్నారు. 2022లో ఆకమ్ వ్రాసిన కాగితాలను కళాశాల మొహీగన్ వారికి అప్పగించింది.

ఆలోచించండి. తాళపు చెవి ఎవరి చేతిలో ఉండాలో కోర్టు చెప్పగలదు. తలుపు ఎవరి కొరకు తెరవాలో తెరచినవాని మనస్సాక్షి చెప్పాలి.

మన సంగతికి వద్దాము. మన దేశపు చట్టము వేరు. తెలుగు రాష్ట్రాలలో చాలా సంఘాలు, పాఠశాలలు, ఆసుపత్రులు సొసైటీలుగా రిజిస్టరు అయి ఉన్నాయి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏటా కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రారు వద్ద దాఖలు చేయాలి. తగవు వస్తే 23వ సెక్షను రెండు దారులు చూపిస్తున్నది. మధ్యవర్తుల చట్టము క్రింద మధ్యవర్తి వద్దకు వెళ్ళవచ్చు, లేదా జిల్లా కోర్టులో అర్జీ పెట్టవచ్చు. సహోదరుడు సహోదరుని మీద వ్యాజ్యెమాడుటను గూర్చి 1 కొరింథీయులకు 6వ అధ్యాయములో పౌలుగారు ఎంత సిగ్గుపరచారో మనకు తెలుసు. గనుక మధ్యవర్తి దారి చట్టములోనే ఉండగా మనము కోర్టు మెట్లే ముందు ఎందుకు ఎక్కాలి?

అన్యాయము జరిగినప్పుడు నోరు మూసుకొమ్మని నేను చెప్పుట లేదు. డార్ట్‌మౌత్ ట్రస్టీలు దావా వేయకపోతే ఆ కళాశాల రాజకీయ నాయకుల చేతిలో ఉండిపోయేది. కాని కోర్టుకు వెళ్ళక ముందు చేయవలసినవి ఉన్నాయి. మీ సొసైటీ బైలాస్ ఈ వారము తీసి చదవండి. అధ్యక్షుని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగిస్తారు, పదవీకాలము ఎంత అనేది స్పష్టముగా ఉన్నదా? మినిట్స్ పుస్తకము ఒకరి బీరువాలో ఉన్నదా, అందరికీ కనబడే చోట ఉన్నదా? నాయకుని కుమారుడు నాయకుడు కాకూడదని నేను అనను. అతనిని ప్రశ్నించే అధికారము ఎవరికి ఉన్నదో ముందే వ్రాసుకోండి. చివరిగా, ఎవరి పేరు చెప్పి చందా తెచ్చామో వారు మన హాజరు పట్టికలో ఉన్నారా? విధవరాండ్ర పేరున వచ్చినది విధవరాండ్రకు చేరిందా? హాస్టలు పిల్లల పేరున వచ్చినది హాస్టలు గిన్నెలోనికి వచ్చిందా?

ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఈ దినము నేను జవాబు చెప్పగలను. అయ్యా, ఈ బడి ఆ వేపచెట్టు క్రింద కూర్చున్న పిల్లలది. మిగిలిన మనమందరము లెక్క అప్పజెప్పవలసిన వారము.

అట్టి నమ్మకత్వమును ప్రభువు మన సంఘములకు, మన కమిటీలకు దయచేయును గాక. ఆమేన్.