ఫోర్డు ప్రతిష్ఠ: పాలమూరు నేపథ్యంలో ఒక పరిశీలన

1908లో ఫోర్డు సంస్థ విడుదల చేసిన 'మోడల్ టి' కారు, 1913లో ఆ సంస్థ ప్రవేశపెట్టిన కదిలే కూర్పు వరుస మోటారు పరిశ్రమను మలుపు తిప్పాయి. 1927లో ఆ నమూనా నిలిచిపోయేనాటికి కోటీ యాభై లక్షల కార్లు తయారయ్యాయి. అమెరికాలో ఫోర్డుకు సామాన్యుని కారు అన్న ఖ్యాతి ఇలా దక్కింది.

భారతదేశంలో ఆ ఖ్యాతికి అదే అర్థం నిలవలేదు. 1926లో ఇక్కడ ఏర్పడిన ఫోర్డు అనుబంధ సంస్థ దిగుమతి భాగాలను కూర్చి వాహనాలను విక్రయించింది. గద్వాల, వనపర్తి అప్పుడు నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. అక్కడా, నాగర్‌కర్నూలులోనూ రైతుకూలీకి సొంత కారు ఊహకందనిది. సామాన్యునికి అందివచ్చిన మోటారు వాహనం బస్సు. 1932 జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులతో ఆరంభించిన రోడ్డు రవాణా శాఖే నేటి ఆర్టీసీకి మూలం.

స్వాతంత్ర్యానంతరం భాగాలను దేశంలోనే తయారుచేయాలన్న ప్రభుత్వ విధానం వల్ల 1950లలో ఫోర్డు, జనరల్ మోటార్స్ వైదొలిగాయి. ఆ దశకంలోనే, 1959లో, వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ కళాశాలకు నెలవైంది. 1995లో మహీంద్రాతో కలిసి తిరిగివచ్చిన ఫోర్డు, నష్టాల కారణంగా 2021 సెప్టెంబరులో ఉత్పత్తి విరమణను ప్రకటించింది.

రెండు నిష్క్రమణల కారణాలు వేరైనా కొనుగోలుదారుకు మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఇకపై విడిభాగాలు దొరుకుతాయా? సంస్థ వెళ్లిపోయినా వాహనం ఊళ్లోనే ఉంటుంది. దానిని నడిపించేది స్థానిక పనివారి నేర్పు. అందువల్ల వాహన సంస్థల ప్రతిష్ఠను ఉత్పత్తి లెక్కలతోపాటు మరమ్మతు చరిత్రతోనూ అంచనా వేయవలసి ఉంటుంది.