తెలుగు హైకూ

తెలుగు హైకూ అనేది జపాన్ నుంచి వచ్చిన, నిత్యజీవితంలోని ఒక్క క్షణాన్ని మూడు చిన్న పాదాల్లో చూపే లఘుకవితా రూపం. మూలంలో 5-7-5 చొప్పున 17 ధ్వనిమాత్రలుంటాయి. ఠాగూర్ 1916లో జపాన్ వెళ్లివచ్చాక జపాన్ హైకూ కవి బాషో కవితలను బెంగాలీలోకి తెచ్చాడు. తెలుగులో హైకూ 1990లలో వ్యాపించింది. గాలి నాసరరెడ్డి, పెన్నా శివరామకృష్ణ, ‘కప్పల నిశ్శబ్దం’ కర్త ఇస్మాయిల్ (1928–2003) ప్రధాన కవులు.

జపనీయ హైకూకు ప్రాణం రుతుసూచక పదం. ఆ పదాలను నేల మారితే మార్చుకోక తప్పదు. ఉదాహరణకు, పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం పీఠభూమిలో చెర్రీపూలకూ మంచుకూ చోటు లేదు. తొలకరి, వేరుశనగ విత్తు, ఎండిన చెరువు అక్కడి రుతుసంకేతాలు. బోరు, మోటారు, లారీ వంటి ఎరువుమాటలూ వాడుకలో ఇంకినవే గనుక పాదంలో సహజంగా ఇముడుతాయి.

నాలుగు పాదాలు, 20–25 అక్షరాలుండే కవి ఎన్. గోపి ‘నానీలు’ హైకూకు భిన్నమైన ప్రక్రియ.