మాట ఒక్కటే.. అధికారాలు వేరు: ‘కమిషన్’ కథా కమామిషు

మిర్చి యార్డులో రైతుకు రావలసిన సొమ్ములో కోత పడేది కమీషన్. ఎన్నికల తేదీలను ప్రకటించేది కమిషన్. పొలం గట్టు తగాదాలో కోర్టు తరఫున కొలతలు చూసేందుకు వచ్చే న్యాయవాది అడ్వకేట్ కమిషనర్. లాటిన్ మూలం నుంచి ఆంగ్లం మీదుగా తెలుగులో స్థిరపడిన ఈ పదానికి ‘అప్పగించడం’ అన్నది మూలార్థం. అన్ని వాడుకల్లోనూ ఆ భావమే కనిపిస్తుంది. అయితే అప్పగించిన అధికారం మాత్రం ఒక్కోచోట ఒక్కో రకం. ఆ తేడా తెలియకుంటే అర్జీదారులకు కాలహరణమే మిగులుతుంది.

రాజ్యాంగ సంస్థలు

ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. దీనికి రాజ్యాంగంలోని 324వ అధికరణ ఆధారం. ఆర్థిక సంఘానికి 280, పబ్లిక్ సర్వీస్ కమిషన్లకు 315వ అధికరణలు మూలం. ప్రణాళికా సంఘానికి ఇటువంటి రాజ్యాంగ ప్రతిపత్తి లేదు. 1950లో కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో పుట్టిన ఆ సంస్థ స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. కమిషన్‌కు హిందీ మాటే ‘ఆయోగ్’.

సిఫార్సులకే పరిమితం

1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద నియమితమైన కమిషన్ సాక్షులను పిలిపించగలదు, పత్రాలను తెప్పించుకోగలదు. శిక్ష మాత్రం విధించలేదు. మానవ హక్కుల కమిషన్లు కూడా ప్రధానంగా సిఫార్సులే చేస్తాయి.

సిఫార్సును ప్రభుత్వం పాటించి తీరాలన్న నియమం లేదనడానికి తెలుగువారి చరిత్రే సాక్ష్యం. 1953లో ఏర్పాటైన ఫజల్ అలీ కమిషన్, తెలంగాణ ప్రాంతాన్ని అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని 1955లో సూచించింది. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల అనంతరం అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది సమ్మతిస్తే ఆంధ్రతో కలపవచ్చునని పేర్కొంది. అందుకు భిన్నంగా 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది.

ఆదేశించగలిగేవి

జిల్లా వినియోగదారుల ఫోరాలు 2019 చట్టం అమలుతో 2020 జులై నుంచి ‘కమిషన్లు’గా మారాయి. ఇవి పరిహారం చెల్లించాలని ఆదేశించగలవు. వివాదానికి కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. వస్తువు లేదా సేవకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు మించకుంటే రుసుం లేదు.

సమాచార హక్కు కింద రాష్ట్ర శాఖల విషయంలో రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళుతుంది. తగిన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి రోజుకు రూ.250 చొప్పున, గరిష్ఠంగా రూ.25 వేల వరకు కమిషన్ జరిమానా విధించగలదు.

అడ్వకేట్ కమిషనర్ తీర్పు చెప్పరు. పరిశీలించి నివేదిక ఇస్తారు. అది కేసులో సాక్ష్యంగా నిలుస్తుంది. అందులో తప్పులున్నాయని భావించే కక్షిదారు కోర్టులో అభ్యంతరం దాఖలు చేసుకోవచ్చు.

సొమ్ము రూపంలో..

అమ్మకం జరిపించినందుకు తీసుకునే ప్రతిఫలమూ కమీషనే. సంస్థలతో తేడా తెలిసేలా ఈ అర్థంలో పత్రికలు తరచూ దీర్ఘమిచ్చి ‘కమీషన్’ అని రాస్తుంటాయి. యార్డు ఏజెంటుకు, బీమా ఏజెంటుకు దక్కేది లెక్కల్లో చూపే చట్టబద్ధమైన ఆదాయం. పని మంజూరుకు ప్రభుత్వోద్యోగి చాటుగా పుచ్చుకుంటే పేరు కమీషనైనా అది లంచమే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద నేరం. రైతు తన తక్‌పట్టీలో తూకం, ధర, కమీషన్, ఇతర కోతలు విడివిడిగా రాశారో లేదో చూసుకోవాలి.

సాగరతీరంలో..

నౌకను సేవలోకి తీసుకోవడాన్ని నౌకాదళం ‘కమిషనింగ్’ అంటుంది. 1969లో కమిషన్ అయిన కురుసుర జలాంతర్గామి 2001లో సేవల నుంచి వైదొలగి, విశాఖ బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచింది. సైన్యంలో రాష్ట్రపతి పేరిట అధికారి హోదా పొందడాన్నీ కమిషన్ అనే అంటారు.

ఏ కమిషన్‌ను ఆశ్రయించినా, దాని ఏర్పాటుకు ఆధారమైన చట్టం ఏది, ఆదేశించే అధికారం ఉందా, ఫిర్యాదుకు గడువెంత అన్న మూడు విషయాలు ముందుగా తెలుసుకోవడం మేలు.