జో హారియట్: లెక్కకెక్కని జాజ్ విద్వాంసుడు

కద్రి గోపాలనాథ్ గారి కచేరీల వలన శాక్సఫోన్ నాదం మన ప్రాంతాల వారికి చిరపరిచితమే. అదే వాద్యంతో పాశ్చాత్య జాజ్ సంగీతాన్ని కొత్త త్రోవకు మళ్లించి, తగిన కీర్తి దక్కకుండానే కన్నుమూసిన కళాకారుడు జో హారియట్.

జననం, విద్య

హారియట్ 1928 జూలై 15న జమైకా ద్వీపంలోని కింగ్‌స్టన్ నగరంలో జన్మించాడు. క్రైస్తవ సన్యాసినులు నడిపే అల్ఫా బాలుర పాఠశాలలో పెరిగి, అక్కడే క్లారినెట్ అభ్యసించాడు. 1951లో లండన్ చేరి, ఆల్టో శాక్సఫోన్ వాద్యకారునిగా స్థిరపడ్డాడు.

స్వేచ్ఛా వాదనం

జాజ్‌లోనూ మనోధర్మానిదే ప్రధాన స్థానం. అయితే వాద్యకారుడు ముందుగా నిర్ణయించిన స్వరమేళనాల వరుసకు, స్థిరమైన లయకు కట్టుబడి ఉండాలి. 1950ల చివర ఊపిరితిత్తుల వ్యాధితో చాలాకాలం ఆసుపత్రిలో ఉన్న హారియట్ ఈ కట్టుబాట్లను గురించి తీవ్రంగా ఆలోచించాడు. ఒక రచనలో వాటిలో ఏదో ఒకటి నిలిస్తే చాలు, భావానికి అడ్డు వచ్చినప్పుడు తక్కినవి విడిచిపెట్టవచ్చునని నిర్ణయించుకున్నాడు. తాళం లేని రాగాలాపన మనకు కొత్త కాదు. కాని ఇక్కడ ఐదుగురు ఒకరినొకరు ఆలకిస్తూ, ఏకకాలంలో ఆ స్వేచ్ఛను వినియోగించుకుంటారు.

ఆ ప్రయోగ ఫలమే 1960 నవంబరులో రికార్డు చేసిన 'ఫ్రీ ఫామ్'. ఇందులో సెయింట్ విన్సెంట్ ద్వీపానికి చెందిన కవి షేక్ కీన్ ట్రంపెట్, జమైకావాసి కోల్‌రిడ్జ్ గూడ్ బాస్, ప్యాట్ స్మైత్ పియానో, ఫిల్ సీమన్ డ్రమ్స్ వాయించారు. 1961, 1962 సంవత్సరాలలో రికార్డయిన 'అబ్‌స్ట్రాక్ట్'కు అమెరికా పత్రిక 'డౌన్ బీట్' అత్యున్నతమైన ఐదు నక్షత్రాల శ్రేణి ఇచ్చింది.

మరుగున పడిన కారణం

అదే కాలంలో అమెరికాలో ఆర్నెట్ కోల్‌మన్ స్వేచ్ఛా జాజ్‌కు మార్గదర్శిగా ప్రసిద్ధుడయ్యాడు. కోల్‌మన్ రికార్డులు 1958 నుండే వెలువడుతున్నందున, హారియట్‌ను ఆయన అనుచరునిగా పలువురు భావించారు. కాని ఇద్దరి పద్ధతులు వేరు. కోల్‌మన్ తన బృందాలలో ఎక్కువగా పియానోను విడిచిపెట్టగా, హారియట్ దానిని నిలుపుకొని వాద్యాల మధ్య సంభాషణకు పెద్దపీట వేశాడు. జాజ్ చరిత్ర అమెరికా కేంద్రంగా వ్రాయబడింది. జమైకాలో పుట్టి ఇంగ్లండులో వాయించినవాని కృషి, రెండు ఊళ్ల పొలిమేరలోని చేను ఏ కరణం లెక్కలోనూ ఎక్కనట్లు మిగిలిపోయింది.

భారతీయ సంగీతంతో అనుబంధం

కలకత్తాలో జన్మించిన వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త జాన్ మేయర్‌తో కలిసి హారియట్ వెలువరించిన 'ఇండో-జాజ్ సూట్' 1966లో వచ్చింది. దీవాన్ మోతీహార్ సితార్, కేశవ్ సాఠే తబలా వాయించారు. మేఘ, గౌడ సారంగ రాగాలు ఇందులో ఆధారం. మేఘ రాగ స్వరాలు మన మధ్యమావతికి దగ్గరివి. కచేరీ ముగింపులో మధ్యమావతి వినే అలవాటున్నవారు ఈ రచనలో ఆ పోలికను గుర్తించగలరు.

అంతిమ దశ

తరువాతి కాలంలో అవకాశాలు సన్నగిల్లాయి. 1973 జనవరి 2న సౌతాంప్టన్‌లో, 44 ఏళ్ల వయసులో, హారియట్ క్యాన్సర్‌తో మరణించాడు. కీన్ 1997లో, మేయర్ 2004లో కాలం చేశారు. గూడ్ నూరేళ్లు నిండి 2015లో కన్నుమూశాడు. ఎంతోకాలం దొరకని ఆ రికార్డులు తరువాత సీడీలుగా మళ్లీ వెలువడ్డాయి. 2003లో ఆలన్ రాబర్ట్‌సన్ హారియట్ జీవితచరిత్ర ప్రచురించాడు.

క్రొత్తగా వినదలచినవారు మొదట 'ఇండో-జాజ్ సూట్', పిమ్మట 'అబ్‌స్ట్రాక్ట్', చివర 'ఫ్రీ ఫామ్' వినడం సుకరం. పుట్టిన ఊరు, బ్రతికిన ఊరు వేరైనవాని విద్య ఎవరి ఖాతాలో చేరకపోయినా, వినే చెవి ఉన్నంతవరకు నశించదని ఈ మూడు రికార్డులు నిరూపిస్తున్నాయి.