పితృత్వ నిర్ణయము: శాస్త్రము చెప్పునది, చట్టము అడుగునది

బిడ్డకు తల్లి ఎవరో ప్రసవ సమయమున దగ్గర ఉన్నవారందరికీ తెలియును. తండ్రి విషయమున అట్టి ప్రత్యక్ష సాక్ష్యము లేదు. అయినను భరణము, వారసత్వము, ఇంటిపేరు మొదలగునవి ఈ ప్రశ్నపైననే ఆధారపడి యున్నవి. శాస్త్రము సమాధానము చెప్పలేని కాలమున చట్టమే ఒక సమాధానమును ఏర్పరచుకొన్నది.

1872వ సంవత్సరపు భారత సాక్ష్య చట్టములోని 112వ సెక్షను ఇట్టిదే. వివాహబంధము అమలులో నుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డయే. వివాహము రద్దయిన తరువాత, తల్లి తిరిగి వివాహమాడకయుండగా 280 దినములలో పుట్టిన బిడ్డకు కూడ ఇదే సూత్రము వర్తించును. 280 దినములనగా నలువది వారములు. గర్భధారణ కాలమునకు వైద్యులు వేయు లెక్క అదియే. గర్భము ధరించు కాలమున దంపతులు కలిసికొను అవకాశమే లేదని రుజువు చేసిననే గాని ఈ నిర్ణయము మారదు. బిడ్డకు అక్రమ సంతానమను నింద రాకూడదనునదే దీని ఉద్దేశము. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో ఈ సూత్రమే 116వ సెక్షనుగా నిలిచియున్నది.

ఈ రంగమున శాస్త్రము వేసిన తొలి అడుగు రక్తవర్గములు. వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ వీనిని గుర్తించి 1901లో ప్రకటించెను. ఇవి మెండెల్ సూత్రముల ననుసరించి తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునని 1910లో డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అను ఇరువురు చూపిరి. ఒక ఉదాహరణము చూతము. తల్లి ఎ వర్గము, బిడ్డ బి వర్గము అనుకొందము. బిడ్డలోని బి లక్షణము తల్లినుండి రాలేదు గనుక తండ్రినుండియే రావలెను. ఓ వర్గపు పురుషునిలో ఆ లక్షణము లేదు. కనుక అతడు తండ్రి కాడు. మరి బి వర్గపు పురుషుడైనచో? అతడే తండ్రియని చెప్పుటకు వీలులేదు. బి వర్గమువారు లోకములో కోట్లకొలది కలరు. రక్తవర్గ పరీక్ష "కాదు" అని చెప్పగలదు గాని "అవును" అని చెప్పలేదు.

పై ఉదాహరణము కల్పితము కాదు. ప్రసిద్ధ నటుడు చార్లీ చాప్లిన్‌పై అమెరికాలో నడచిన వ్యాజ్యములో 1944లో జరిగిన పరీక్షల ఫలితమదియే: చాప్లిన్ ఓ, తల్లి ఎ, బిడ్డ బి. అయినను 1945లో లాస్ ఏంజలిస్ జ్యూరీ చాప్లినే తండ్రియని తీర్మానించినది. రక్తపరీక్ష అనేక సాక్ష్యములలో ఒకటి మాత్రమే యని, అంతిమ ప్రమాణము కాదని 1946లో పై న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించినది. 1953లో కాలిఫోర్నియా రాష్ట్రము తన చట్టమును మార్చుకొని ఇట్టి పరీక్షకు నిర్ణాయక విలువ నిచ్చినది.

"అవును" అని చెప్పు శక్తి 1984లో వచ్చినది. ఆ సంవత్సరము ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. వేలిముద్ర పద్ధతిని కనుగొనెను. మన డి.ఎన్.ఏ.లో కొన్ని చోట్ల చిన్న తునకలు పదేపదే వచ్చుచుండును. ఎన్నిమార్లు వచ్చుననునది మనిషికి మనిషికి భేదించును. ఒక చోట తల్లి సంఖ్యలు 12, 15. బిడ్డవి 9, 15 అనుకొందము. 15 తల్లి ఇచ్చినది. 9 తండ్రి ఇచ్చినది. ఇట్లు పదునైదు, ఇరువది చోట్ల చూచినపుడు అన్నియు ఒకే పురుషునితో సరిపోయినచో సందేహమునకు తావు దాదాపు ఉండదు. ఒక్క చోట భేదించినంత మాత్రమున కాదనరాదు. అది ఉత్పరివర్తనము కావచ్చును.

మన దేశమున ఈ విద్యకు పుట్టినిల్లు హైదరాబాదు. అచటి సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున లాల్జీ సింగ్ స్వతంత్రముగా ఈ పద్ధతిని రూపొందించెను. కేరళలోని ఒక పితృత్వ వివాదములో ఆయన ఇచ్చిన సాక్ష్యమును 1991లో ఆ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము అంగీకరించినది.

ఇక శాస్త్రము, చట్టము ఎదురుపడినవి. కోరినంతనే రక్తపరీక్షకు ఆజ్ఞాపించరాదని 1993లో సుప్రీంకోర్టు చెప్పినది. పరీక్ష నిజమునే చెప్పుచున్నను చట్టపు ఊహను అది ఒక్కటే తొలగించజాలదని 2001లో తీర్పు వచ్చెను. 2014లో మరియొక తీర్పు, జరిగిపోయిన పరీక్ష సత్యమును చూపుచుండగా ఊహ దానికి లొంగవలెనన్నది. 2025 జనవరిలో మాత్రము, వివాహబంధములో పుట్టిన ఒక యువకుడు వేరొకరిని తన తండ్రియని చెప్పి పరీక్ష కోరగా, కోర్టు అంగీకరింపలేదు.

జనన ధ్రువపత్రము మాట యేమి? 1969 చట్టము ప్రకారము జననమును 21 దినములలో తెలుపవలెను. అందులోని తండ్రి పేరు తెలిపినవారి మాటపై వ్రాయబడునదే గాని పరీక్షచే తేలినది కాదు. అవివాహిత తల్లి ప్రమాణపత్రము ఇచ్చినచో తండ్రి పేరు అడుగకయే ధ్రువపత్రము నీయవలెనని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2023 అక్టోబరు 1న గాని ఆ పిమ్మట గాని పుట్టినవారికి బడిలో చేరుట మొదలు అనేక కార్యములకు ఈ పత్రమే ఆధారము. కనుక ఇది లేని బిడ్డ నష్టము చిన్నది కాదు.

ఈ జన్యువు ఎవరినుండి వచ్చినదని ప్రయోగశాల అడుగును. ఈ బిడ్డను పోషించు బాధ్యత ఎవరిదని న్యాయస్థానము అడుగును. మొదటి ప్రశ్నకు నేడు జవాబు సులభము. ఆ జవాబును ఎప్పుడు అడుగవలెను, దాని వలన బిడ్డకు మేలా కీడా యనునది మాత్రము ప్రతి వ్యాజ్యములోను న్యాయమూర్తి తూచి చూడవలసినదే.